ఫొటోలున్నాయి, పేర్లేవి?

సాఫ్ట్‌వేర్ మూతపడితే బొమ్మలు మిగులుతాయి. వాటి చుట్టూ ఏళ్ల తరబడి పోగేసుకున్న సమాచారమే జారిపోతుంది. పికాసా, ఆపర్చర్ లాంటి పాత ఇళ్లు ఖాళీ చేసేవారు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులివి.

హాల్లో ఓ మూల గుడ్డ కప్పిన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్. తండ్రి పోయాక దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన కొడుకు ఈసారి దాన్ని వదిలించుకోవాలనుకున్నాడు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఏడాదికో ఫోల్డర్ చొప్పున తయారుచేసుకుని, పాత ఫోల్డర్లు తెరిచి ఫొటోలన్నీ ఎంచి అందులోకి కాపీ చేశాడు. ఒక్కటీ పోలేదని లెక్క చూసుకున్నాడు. మర్నాడు కంప్యూటర్ పాత సామాన్ల వాడి బండెక్కింది.

నెల తర్వాత చూసుకుంటే తెలిసింది పోయిందేమిటో. తాతయ్య, నాయనమ్మల పెళ్లినాటి గ్రూప్ ఫొటో ఒకటుంది. అందులో 30 మందికి పైగా ఉన్నారు. 2010 ప్రాంతంలో తండ్రి దాన్ని స్కాన్ చేయించి, నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ముఖానికీ పేరు తగిలించాడు. ఫలానా ఊరి పెద్దమ్మ, ఫలానా పినతాత అంటూ ఆమె చెబుతుంటే ఆయన టైపు చేశాడు. ఇప్పుడు నాయనమ్మ లేదు, తండ్రీ లేడు. ఫొటో చెక్కుచెదరకుండా ఉంది. పేర్లు మాత్రం ఒక్కటీ లేవు.

ఇది ఏ ఒక్కరి ఇంటి కథా కాదు. పికాసా వాడిన ఏ ఇంట్లోనైనా జరగడానికి వీలున్న కథ. ఇందులో కొడుకు చేసిన తప్పు కూడా పెద్దదేమీ కాదు. ఫొటోలను కాపీ చేస్తే వాటితో ఉన్నవన్నీ వచ్చేస్తాయనుకున్నాడు, అంతే.

ఉచితంగా వచ్చి, ఉన్నట్టుండి వెళ్లి

పికాసాను తయారుచేసింది లైఫ్‌స్కేప్ అనే అమెరికన్ సంస్థ. 2004లో గూగుల్ దాన్ని కొనేసి అందరికీ ఉచితం చేసింది. డిజిటల్ కెమెరాలు మధ్యతరగతి ఇళ్లలోకి అడుగుపెడుతున్న రోజులవి. మెమరీ కార్డులో పోగుపడిన వందల ఫొటోలను ఏం చేయాలో తెలియని కుటుంబాలకు పికాసా చక్కని దారి చూపింది. కంప్యూటర్‌లో ఎక్కడెక్కడో ఉన్న బొమ్మలన్నిటినీ వెతికిపట్టి తేదీల వారీగా పరిచేది. మసక ఫొటోలకు ఒక్క మీట నొక్కితే వెలుగు తెచ్చేది. ఎర్రబడ్డ కళ్లు సరిదిద్దేది. 2009లో వచ్చిన 3.5 వెర్షన్‌తో ముఖాలను పోల్చి, ‘ఈయనెవరు?’ అని అడగడం నేర్చుకుంది.

2016 ఫిబ్రవరి 12న గూగుల్ ఫొటోస్ అధిపతి అనిల్ సభర్వాల్ ఓ ప్రకటన చేశారు. ఇకపై ఒకే ఫొటో సర్వీసు మీద దృష్టి పెడతామని, పికాసాకు సెలవు ఇస్తున్నామని దాని సారాంశం. మార్చి 15 నుంచి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కు మద్దతు ఆగిపోయింది. మే 1 నుంచి పికాసా వెబ్ ఆల్బమ్స్‌ను కూడా దశలవారీగా మూసేశారు.

అయినా గుండెలు బాదుకున్నవారు తక్కువే. కారణం, అప్పటికే కంప్యూటర్‌లో ఉన్న పికాసా యథాప్రకారం నడుస్తూనే ఉంది. కొత్త మెరుగులు రావు, నెట్‌లోకి ఎక్కించే సౌకర్యాలు పనిచేయవు. అంతకు మించి మార్పేమీ కనిపించదు. ప్రమాదం దాగున్నది అక్కడే. ప్రోగ్రామ్ నడుస్తున్నంత కాలం ఖాళీ చేయాలన్న తొందర ఉండదు. హార్డ్‌డిస్క్ మొరాయించిన రోజో, పాత కంప్యూటర్ అమ్మేసిన రోజో తొందరపడి ప్రయోజనం ఉండదు.

చెప్పకుండా దాచే గుమాస్తా

ఫొటోతో పాటు పేర్లు ఎందుకు రాలేదన్నది అర్థం కావాలంటే పికాసా పనిచేసే తీరు తెలియాలి. అది అసలు ఫొటో జోలికి వెళ్లకుండా, మీరు చెప్పిన మార్పులను విడిగా చీటీ రాసుకునే గుమాస్తా లాంటిది. అంచులు కత్తిరించమంటే కత్తిరించదు, ‘ఇంతమేర కత్తిరించి చూపాలి’ అని రాసుకుంటుంది. వెలుగు పెంచమన్నా అంతే. పికాసాలో చూసినప్పుడు మార్పులన్నీ కనిపిస్తాయి. అదే ఫొటోను మరో ప్రోగ్రామ్‌లో తెరిస్తే కెమెరాలో పడ్డనాటి రూపంలోనే ఉంటుంది.

నిజానికి ఇది మంచి పద్ధతే. అసలు బొమ్మ పాడవదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వెళ్లవచ్చు. చిక్కల్లా ఆ చీటీలు ఉండే చోటుతోనే. ప్రతి ఫోల్డర్‌లోనూ పికాసా ఓ దాపు ఫైలు పెడుతుంది. దాని పేరు డాట్ పికాసా డాట్ ఐఎన్ఐ. చేసిన మార్పులు, పెట్టిన నక్షత్రం గుర్తులు, ముఖం ఏ మూల ఉంది, అది ఎవరిది అన్న వివరాలు అందులోనే. మామూలుగా ఈ ఫైలు కంటికి కనిపించదు. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేస్తే వెంట వస్తుంది. ఫోల్డర్ తెరిచి ఫొటోలు మాత్రం ఎంచి కాపీ చేస్తే అక్కడే ఉండిపోతుంది. పై కథలో జరిగింది అదే.

ఆల్బమ్‌ల సంగతి మరోటి. పికాసాలో ‘అమ్మాయి పెళ్లి’ అని ఆల్బమ్ కట్టినంత మాత్రాన డిస్క్‌లో ఆ పేరుతో ఫోల్డరేదీ ఏర్పడదు. అది ఉత్త జాబితా. విండోస్‌లో యూజర్ ఖాతా లోపల, ఎవరూ తొంగిచూడని యాప్‌డేటా ఫోల్డర్‌లో దాని డేటాబేస్ ఉంటుంది. ముఖాల పేర్ల పట్టిక కూడా అక్కడే. ఫొటోలున్న డి డ్రైవ్‌ను భద్రంగా దాచుకుని సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేయించినవారు వీటిని పోగొట్టుకున్నట్టే.

ఇంకో మెలిక ఉంది. పికాసాలో ‘సేవ్’ నొక్కినప్పుడు మాత్రం మార్పులు నిజంగానే ఫొటోలోకి ఎక్కుతాయి. అప్పుడు అసలు ఫొటో డాట్ పికాసా ఒరిజినల్స్ అనే మరో దాపు ఫోల్డర్‌లోకి చేరుతుంది. కనిపించే ఫొటోలను మాత్రమే తెచ్చుకుంటే కత్తిరించిన బొమ్మే మిగులుతుంది. అంచున నిలబడిన మేనత్త పాత కంప్యూటర్‌తో పాటే వెళ్లిపోతుంది.

తెలుగువారికి ఈ అనుభవం కొత్తదేమీ కాదు. యూనికోడ్ రాకముందు డీటీపీ సెంటర్లలో అను లాంటి ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు ఎంతోమంది దగ్గర ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. ఫైలు ఉంటుంది, చదివే మార్గం ఉండదు. మూతపడిన సాఫ్ట్‌వేర్‌లోని ఫొటో వివరాలదీ అదే పరిస్థితి.

ఖరీదైన ఇళ్లదీ అదే దారి

ఉచితంగా వచ్చింది కాబట్టి ఉచితంగానే పోయిందని సరిపెట్టుకోవడానికి లేదు. ఆపిల్ సంస్థ వృత్తి ఫొటోగ్రాఫర్ల కోసం 2005లో ఆపర్చర్‌ను తెచ్చింది. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అది. దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు 2014 జూన్‌లో ప్రకటించింది. 2015 ఏప్రిల్‌లో ఫొటోస్ అనే కొత్త ప్రోగ్రామ్ రాగానే ఆపర్చర్ అమ్మకాలు నిలిపేసింది. ఐఫొటో కథ కూడా అప్పుడే ముగిసింది. 2019లో వచ్చిన మ్యాక్ కాటలీనా నుంచి ఆపర్చర్ అసలు నడవడమే మానేసింది. ఆపిల్ కంప్యూటర్‌ను అప్‌డేట్ చేసినవారికి తలుపు ఒక్కసారిగా మూసుకుపోయినట్టయింది.

వలస వెళ్లడానికి దారులు లేకపోలేదు. ఆపర్చర్ లైబ్రరీని ఫొటోస్‌లోకి తెచ్చుకునే వీలు ఆపిలే కల్పించింది. కానీ ఫొటోగ్రాఫర్లు తమ పనికి ఇచ్చుకున్న నక్షత్రాల రేటింగు అక్కడ రేటింగుగా మిగల్లేదు, మాటల ట్యాగుగా మారింది. అడోబీ కూడా 2014లో తన లైట్‌రూమ్‌లోకి రప్పించుకునే ప్లగిన్‌ను విడుదల చేసింది. అది ఫొటోలను, వాటి వివరాలను తెచ్చేది. గంటల తరబడి దిద్దిన రంగుల సర్దుబాట్లు మాత్రం తెచ్చేది కాదు. ఒక సంస్థ లెక్క మరో సంస్థకు పట్టదు మరి.

అలా లైట్‌రూమ్‌లో తలదాచుకున్నవారికి 2017 అక్టోబరులో మరో కబురు అందింది. ఒకసారి కొంటే చాలనుకునే లైట్‌రూమ్‌లలో ఆరో వెర్షనే ఆఖరిదని, ఇక చందా కట్టాల్సిందేనని అడోబీ తేల్చింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విండోస్ ఫొటో గ్యాలరీకి 2017 జనవరిలో కాలం చెల్లింది. వలస ఒక్కసారితో తీరేది కాదని ఈ పదేళ్ల చరిత్ర చెబుతోంది.

నెట్‌లో దాచుకున్నవీ శాశ్వతం కాదు. మన దేశంలో ఒక తరం యువత తొలిసారి ఫొటోలు పెట్టుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఆల్బమ్‌లు దించుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చారు. ఆ సంగతే తెలియనివారి ఫొటోలు గడువుతో పాటే పోయాయి. కోడాక్ ఆన్‌లైన్ గ్యాలరీ 2012లోనే దుకాణం కట్టేసింది. ఎన్ని ఫొటోలైనా ఉచితమంటూ 2015లో మొదలైన గూగుల్ ఫొటోస్, 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించేవాటిని 15 జీబీ ఉచిత పరిమితిలో లెక్కించడం ప్రారంభించింది.

గూగుల్‌లోనే వినిపించిన హెచ్చరిక

విచిత్రమేమిటంటే ఈ ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించినవారిలో ఒకరు గూగుల్ ఉపాధ్యక్షుడే. ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరిగా పేరొందిన వింట్ సెర్ఫ్ 2015 ఫిబ్రవరిలో అమెరికాలోని శాన్‌హోజేలో జరిగిన శాస్త్రవేత్తల సదస్సులో ‘డిజిటల్ చీకటి యుగం’ గురించి మాట్లాడారు. ఫైళ్లు భద్రంగా ఉన్నా వాటిని చదివే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఈ శతాబ్దం గురించి రాబోయే తరాలకు ఏమీ తెలియకుండా పోవచ్చన్నది ఆయన ఆందోళన. నిజంగా ప్రాణప్రదమైన ఫొటోలుంటే కాగితం మీద ప్రింట్ తీసుకోమని ఆయన సలహా ఇచ్చారు. సరిగ్గా ఏడాది తర్వాత పికాసా మూసివేత ప్రకటన వెలువడింది.

అయితే బొమ్మల విషయంలో ఆ చీకటి అంత చిక్కనిది కాదు. 1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్‌ను ఇవాళ ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. చీకట్లో పడుతున్నది బొమ్మ కాదు, దాని వెనక కథ. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ సందర్భం?

దీనికీ విరుగుడు ఉంది. జేపెగ్ ఫైలులో బొమ్మతో పాటు కొంత రాతకు కూడా చోటుంటుంది. కెమెరా, తేదీ, సమయం వంటివి ఎగ్జిఫ్ అనే పద్ధతిలో అందులోనే నమోదవుతాయి. వార్తాసంస్థలు తమ ఫొటోలకు శీర్షిక, ఫొటోగ్రాఫర్ పేరు జతచేయడానికి ఐపీటీసీ పద్ధతి రూపొందింది. 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్ఎంపీ ఇంకా విశాలమైనది. ముఖాల పేర్లు కూడా అందులో రాయవచ్చు. ఇవి ఏ ఒక్క ప్రోగ్రామ్ సొత్తూ కావు. కాబట్టి సూత్రం చిన్నదే. వివరాలను సాఫ్ట్‌వేర్ చీటీల్లోంచి తీసి ఫొటో లోపలికి చేర్చాలి. ఆ తర్వాత ఇల్లు ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదు.

సామాను సర్దుకునే క్రమం

పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే పని తేలికే. మొట్టమొదట పికాసాను తీసేయకూడదు. విండోస్‌లో దాపు ఫైళ్లు కనిపించేలా మార్చుకుని, ఫొటోల ఫోల్డర్లను ఫోల్డర్లుగానే, యాప్‌డేటాలోని పికాసా డేటాబేస్‌తో సహా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఇది ముట్టుకోకూడని నకలు. మిగతా పని ఎక్కడ తప్పినా మళ్లీ మొదలెట్టడానికి ఆధారం ఇదే.

రెండోది పేర్లు. పికాసా ఆఖరి వెర్షన్ 3.9లో నేమ్ ట్యాగ్స్ సెట్టింగుల్లో పేర్లను ఫొటోలోనే భద్రపరచమనే ఐచ్ఛికం ఉంది. ఇకపై పెట్టే పేర్లకు అది సరిపోతుంది. పాతవాటి కోసం టూల్స్ మెనూలో ప్రయోగాత్మకం అన్న విభాగంలో ముఖాలను ఎక్స్ఎంపీలోకి రాసే ఆదేశం వేరుగా ఉంది. ఫొటోలు వేలల్లో ఉంటే దీనికి చాలాసేపు పట్టవచ్చు.

మూడోది ఆల్బమ్‌లు, నక్షత్రాలు. ఇవి ఫొటోలోకి నేరుగా వెళ్లవు. వాటిని ట్యాగులుగా మార్చుకోవడమే ఉపాయం. ఆల్బమ్ తెరిచి అన్నిటినీ ఎంచి, ఆల్బమ్ పేరునే ట్యాగుగా ఇస్తే జేపెగ్‌లలో అది ఫొటో లోపలే నమోదవుతుంది. నక్షత్రం గుర్తున్నవాటినీ అలాగే ఒక మాటతో ముద్రవేయవచ్చు. ఫొటో కింద రాసిన వ్యాఖ్యలు జేపెగ్‌లలో ముందునుంచీ లోపలే ఉంటాయి కాబట్టి వాటికి భయం లేదు. జేపెగ్ కాని ఫైళ్లను, వీడియోలను మాత్రం విడిగా సరిచూసుకోవాలి.

నాలుగోది దిద్దుబాట్లు. మార్పులు చేసిన ఫొటోలను ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారా వేరే ఫోల్డర్‌లోకి తీయాలి. అసలుదీ, దిద్దిందీ రెండూ మిగులుతాయి. డిస్క్‌లో కొంత చోటు ఎక్కువ పడుతుంది. పోగొట్టుకున్న దానితో పోలిస్తే అదో లెక్క కాదు. ఆపర్చర్ నుంచి బయటపడేవారికీ ఇదే మార్గం.

ఐదోది తేదీలు. స్కాన్ చేసిన పాత ఫొటోలకు స్కాన్ చేసిన రోజే పుట్టినరోజవుతుంది. 1960ల పెళ్లి 2010లో జరిగినట్టు చూపుతుంది. పికాసాలోనే తేదీ సవరించే సౌకర్యం ఉంది. వెళ్లే ముందే దిద్దుకుంటే కొత్తచోట వరస తప్పదు.

చివరిది, అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసేది, తనిఖీ. ఫైళ్ల సంఖ్య సరిపోయిందా? ఓ పది ఫొటోలను పికాసా లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే పేర్లు, వ్యాఖ్యలు, తేదీలు కనిపిస్తున్నాయా? ఫిల్ హార్వే అనే ప్రోగ్రామర్ 2003 నుంచి ఉచితంగా అందిస్తున్న ఎగ్జిఫ్‌టూల్ ఫొటో కడుపులో ఏముందో మొత్తం బయటపెడుతుంది. తెలుగులో వ్యాఖ్యలు రాసుకున్నవారు ఈ పరీక్ష మానకూడదు. పాత పద్ధతుల్లో రాసిన తెలుగు అక్షరాలు కొన్నిచోట్ల ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదముంది. యూనికోడ్‌ను పూర్తిగా అంగీకరించే ఎక్స్ఎంపీలో ఆ బెడద లేదు.

కొత్త ఇంటికి ముందు ఒక ప్రశ్న

మరి ఎక్కడికి వెళ్లాలి? డబ్బు పెట్టలేనివారికి డిజికామ్ ఉంది. ఇది ఉచితం, దాని కోడ్ అందరికీ బహిరంగం. పేర్లు, ట్యాగులు ఫొటోలోపలే రాయగలదు. వృత్తిగా తీసుకున్నవారు లైట్‌రూమ్ చందా కడుతున్నారు. ఎక్కువమంది ఫోన్‌తో పాటు వచ్చే గూగుల్ ఫొటోస్‌కో, ఆపిల్ ఫొటోస్‌కో అలవాటు పడ్డారు. ఏది ఎంచుకున్నా చేరేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. రేపు బయటికి రావాలంటే ఏమేం వెంట తెచ్చుకోగలం?

ఉదాహరణకు గూగుల్ ఫొటోస్ నుంచి టేక్‌అవుట్ సౌకర్యంతో అన్నీ దించుకోవచ్చు. కెమెరా నమోదు చేసిన తేదీ ఫొటోలోనే ఉంటుంది. కానీ అక్కడ మీరు చేర్చిన వర్ణనలు, సవరించిన తేదీలు జేసన్ అనే విడి ఫైళ్లలో వస్తాయి. వాటిని ఫొటోతో కలుపుకునే పని మళ్లీ మనదే. మరోసారి చీటీల వ్యవహారమేనన్నమాట.

చాలా ఇళ్లలో వాట్సాప్ గ్రూపే ఇప్పుడు కుటుంబ ఆల్బమ్. మామూలుగా పంపిన ఫొటోను అది కుదించి, తీసిన తేదీ వంటి వివరాలను ఊడ్చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది. పెద్దల ఫొటోలు బంధువుల నుంచి సేకరించేవారు ఈ చిన్న తేడా గుర్తుంచుకుంటే చాలు.

పాత కంప్యూటర్ పాడైనంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. మదర్‌బోర్డు కాలిపోయినా హార్డ్‌డిస్క్ బాగుండవచ్చు. దాన్ని ఊడదీసి కేసింగ్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే దాపు ఫైళ్లతో సహా చదవవచ్చు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ వంటి కంప్యూటర్ బజార్లలో ఇలాంటి కేసింగ్‌లు దొరుకుతాయి. అందుకే పాత సామాన్ల వాడిని పిలిచే ముందు డిస్క్‌ను తీసి పక్కన పెట్టుకోవడం మేలు.

ఇంత చేసినా ఒక విషయం సాఫ్ట్‌వేర్ చేతుల్లో లేదు. ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉన్నంత కాలమే పేర్లు దొరుకుతాయి. ఏ ప్రోగ్రామైనా ఈ ముఖం, ఆ ముఖం ఒకటేనని పోల్చగలదు. ఆమె చిన్న తాతగారి రెండో కోడలని మాత్రం చెప్పలేదు.

ఈ రహస్యం పాతకాలం ఫొటో స్టూడియోల వాళ్లకు బాగా తెలుసు. స్కూలు గ్రూప్ ఫొటో తీస్తే దాన్ని అట్టకు అంటించి, కిందనే కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు మొదటి వరుస, రెండో వరుస అంటూ పేర్లు అచ్చువేసి ఇచ్చేవారు. బొమ్మ ఎటు వెళితే పేర్లు అటే. ఆ అట్టలు ఎన్నో ఇళ్ల గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చదవడానికి ఏ వెర్షనూ అక్కర్లేదు.